అమ్మమ్మ పక్క చోటు

రోజెన్‌హోఫ్,
చాకో.
వానలు తగ్గుముఖం పడుతున్న రోజులు.

అమ్మకు,

రోజెన్‌హోఫ్ గ్రామ పెద్ద పదవిలో ప్రస్తుతానికి కూర్చోబెట్టబడి ఉన్న నీ కుమారుడు బెర్న్‌హార్డ్ నమస్కరించి చేసుకునే నివేదన. ఇక్కడ ఉన్నవాళ్ళం అందరం దేవుని దయవల్ల క్షేమంగా ఉన్నాం. ఈ వాక్యంలో "ఉన్నవాళ్ళం" అన్న మాటను నువ్వు నెమ్మదిగా చదవాలని మనవి. అక్కడ నువ్వూ, చెల్లెలు తీనా, బావా, ఇంకా పేరు కుదరని ఆ కొత్త మనవడూ క్షేమమని తలుస్తాను. బొలీవియా వైపు దారి ఇంకా దారి అనిపించుకునే స్థితికి రాలేదు. లారీలు వెళ్ళవలసిన చోట బాతులు వెళుతున్నాయి. మొదటి లారీ కదిలిన రోజున ఈ ఉత్తరం కూడా కదులుతుంది.

నీ ఉత్తరం అందింది. అందులోని ప్రశ్నలకు అడిగిన క్రమంలోనే సమాధానాలు సమర్పించుకుంటున్నాను. ఎర్ర ఆవు ఈనింది, పెయ్య. పుట్టిన మర్నాడే నన్ను తన్నింది కనక తల్లి పోలికేనని ధ్రువీకరిస్తున్నాను. వేరుశనగ చేను నీళ్ళలో నిలబడి ఉంది. పంట సంగతి అటు చేనూ ఇటు నీళ్ళూ ఇంతవరకు ఏమీ బయటపెట్టలేదు. వంటింటి కప్పు కారుతోంది. అయితే నువ్వు వెళ్ళేముందు పెట్టిన గిన్నెలోనే కారుతోంది కాబట్టి ఫిర్యాదు లేదు.

ఇక మిగిలినవి నీ ఉత్తరం అడుగున, కాగితం అంచుకు ఆనించి, మిగతా అక్షరాలకన్నా చిన్నగా రాసిన రెండు మాటలు. "ఎవరు ముందు?" ఆ రెండు మాటల కోసమే ఉత్తరమంతా రాశావని నాకు తెలుసు. మన సంఘం రేడియోలో ఉరుముల మధ్య నీకు రెండు పేర్లు వినబడ్డాయి. ఒకటి నీ తండ్రి డీడ్రిక్ హీబర్ట్. రెండోది ఆయన పొరుగువాడు ఇస్‌బ్రాంట్ ఫుంక్. ఇద్దరూ ఒకే వారంలో పోయారని తెలిసింది గాని, ఏ పేరు ముందో ఏది వెనకో ఉరుములు తెలియనివ్వలేదు. మరో ఊళ్ళో అయితే అది అడగదగిన ప్రశ్నే కాదు. మన ఊళ్ళో అడగదగిన ప్రశ్న అదొక్కటే.

ఎందుకన్నది నీకు చెప్పనక్కరలేదు. కానీ ఈ ఉత్తరాన్ని తీనా తన పెద్దపిల్లలకు చదివి వినిపిస్తుందని రాశావు. వాళ్ళు మన సమాధుల తోట చూడలేదు. కనక వాళ్ళ నిమిత్తం నాలుగు మాటలు. పిల్లలూ, మన తోటలో కుటుంబాలు ఉండవు, వరుస ఉంటుంది. ముందు పోయినవాళ్ళు ముందు, తరవాత పోయినవాళ్ళు వాళ్ళ పక్కన. ఒక వరుస నిండితే ఇంకో వరుస. ఎవరూ చోటు పట్టిపెట్టుకోకూడదు. పైన ఎవరికెంత భూమి ఉన్నా కింద అందరికీ ఒక్కటేనని మన పెద్దలు పెట్టిన కట్టుబాటు ఇది. ఉద్దేశం మహోన్నతమైనది. దాని ఫలితంగా జన్మంతా ఎడమొహం పెడమొహంగా గడిపిన అత్తాకోడళ్ళు పక్కపక్కన పడుకుని ఉన్నారు, ఒకరినొకరు విడిచి ఉండని ఆలుమగలు మాత్రం వేరువేరు వరుసల్లో ఉన్నారు. భర్త భార్య పక్కన పడుకోవాలంటే ఆమె తరవాత ఊళ్ళో ఇంకెవరూ పోకముందే అతను పోవాలి. అలా పోవడాన్ని కట్టుబాటు నిషేధించలేదు, ప్రోత్సహించనూ లేదు.

అమ్మమ్మను దింపిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరపు గాలి పొద్దుటినుంచీ దుమ్ము మోస్తూ ఉంది. సూర్యుడు ఉడకబెట్టిన గుడ్డు సొనలా, ముట్టుకున్నా కాలడన్నట్టు వేలాడుతున్నాడు. పాట పాడేవాళ్ళ గొంతులు దగ్గర నిలబడినా దూరంగా వినిపించాయి. అందరూ వెనక్కి తిరిగాక తాతయ్య కదల్లేదు. దిబ్బ పక్కన ఖాళీ నేలను చేతికర్రతో తాకాడు.

"ఈ చోటు ఎవరిదిరా?"

"తరవాతివాళ్ళది తాతయ్యా."

"తరవాతివాళ్ళంటే?"

"ఎవరైతే వాళ్ళు."

"నాకిప్పుడు పనేమీ లేదు" అన్నాడు తాతయ్య. ఆ మాట నీకు వినబడలేదు. నువ్వు ముందు నడుస్తున్నావు.

తాతయ్య సమాధి దగ్గర చదివిన జీవిత విశేషాలు పంపమని అడిగావు. రాసినవాణ్ణీ చదివినవాణ్ణీ నేనే. అందులో ఆనవాయితీ ప్రకారం పుట్టుక, వలస, బాప్తిస్మం, పెళ్ళి, సంతానం, గ్రామ పెద్దగా సేవ, మరణం ఉన్నాయి. ఒక మనిషిని గురించి తెలుసుకోనక్కర్లేనివన్నీ క్రమంగా ఉన్నాయి. మిగిలినవి ఇక్కడ రాస్తున్నాను.

ఉత్తరాన ఎక్కడో ఉన్న మానిటోబా చలిలోనుంచి బయలుదేరి ఈ చాకోకు వచ్చిన మన జనం నది ఒడ్డున గుడారాల్లో, ఇస్తామన్న భూమి కోసం కాచుక్కూర్చున్న రోజుల్లో తాతయ్య మీసాలు రాని కుర్రాడు. జ్వరాలు గుడారం తరవాత గుడారం తిరుగుతున్నాయి. వాళ్ళ అమ్మను అక్కడే, నది ఒడ్డున, ఏ వరుసా లేని చోట పూడ్చారు. ఆ సాయంత్రం అతను గోడగడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే పక్క గుడారం పిల్ల వచ్చి ఒక రొట్టె చేతిలో పెట్టింది. మన జ్వీబాకే, పెద్ద రొట్టె నెత్తిన చిన్న రొట్టె ఎక్కి కూర్చునేది. ప్రయాణానికని ఎండబెట్టి మూటగట్టినది. అతను పైనున్న చిన్నది తుంచుకుని తిని, కిందది తిరిగి ఇచ్చేశాడు. ఆ పిల్ల అది తినేసింది. ఆ పిల్లే అగనేత, మన అమ్మమ్మ. ఆ రోజు మొదలు ఆ ఇంట్లో రొట్టె తలలు తాతయ్యవి, మొదళ్ళు అమ్మమ్మవి. ఆమెకు మొదళ్ళు ఇష్టమో కాదో అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, న్యాయశాస్త్రం చదివి కూడా.

పెళ్ళి మాట ఎలా నడిచిందో అమ్మమ్మ నాకు ఒకసారి బఠాణీలు ఒలుస్తూ చెప్పింది. అప్పటికి ఎవరు బావి తవ్వినా ఉప్పునీళ్ళే పడుతున్నాయి. తాతయ్య వాళ్ళ కంచె దగ్గరికి వచ్చి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడట.

"నాకు బావి పడింది" అన్నాడట.

"మంచిది" అందట ఆమె.

"నీళ్ళు ఉప్పగా లేవు."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను."

"తాగి చూసి చెప్తాను" అని ఆమె వెళ్ళి, చేద వేసి, దోసిలితో తాగి, చాలాసేపు ఆలోచించి, "కొంచెం ఉప్పే" అని, పెళ్ళి చేసుకుంది. ఆ బావి నీళ్ళు కొంచెం ఉప్పేనని మన ఊళ్ళో అందరికీ తెలుసు. తాతయ్య మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

వాళ్ళ తొలి పంటను చీమలు కోసుకుపోయాయి. రెండో పంట మీద మిడతలు దిగాయి. నీకంటే ముందు పుట్టినవాళ్ళు ఇద్దరు తోటలో మొదటి వరుసల్లో ఉన్నారు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ వాళ్ళ మీది ఎండుటాకులు తీసేది గాని పేర్లు పలికేది కాదు. తరవాత పత్తి వచ్చింది. పత్తి కోసే కాలంలో వాళ్ళిద్దరూ పక్కపక్క సాళ్ళు పట్టి, మాటా పలుకూ లేకుండా, ఆ తెల్లదనంలోకి నడుచుకుంటూ పోయేవాళ్ళు. దూరం నుంచి చూస్తే నడుముదాకా మబ్బులో మునిగినట్టు ఉండేవాళ్ళు. సాలు చివర ముందు చేరినవాళ్ళు ఆగేవాళ్ళు. నా చిన్నతనంలో నేను చూసిన ప్రేమ వ్యవహారం అదొక్కటే. అప్పట్లో దాన్ని వ్యవసాయం అనుకున్నాను.

ఇప్పుడు ఇస్‌బ్రాంట్ తాత గురించి. ఆయన భార్య ఎల్స్‌బెత్ పోయినప్పుడు గ్రామ పెద్ద మన తాతయ్యే. తేనెపట్లు పెంచే కొర్నేలియస్ అప్పటికే మంచాన పడి ఉన్నాడు. ఇస్‌బ్రాంట్ తాత ఒక పగలు మన వరండాలోకి వచ్చి, కూర్చోకుండానే, "ఆ పక్క చోటు నాకు ఉంచరా డీడ్రిక్" అని అడిగాడట. తాతయ్య, "వరుస వరుసేరా" అన్నాడట. అంతే. తరవాత కొర్నేలియస్ పోయాడు, ఎల్స్‌బెత్ పక్కన పడుకున్నాడు. ఇస్‌బ్రాంట్ తాత గొడవ చేయలేదు. ఆ విషయంలో ఆయన జీవితకాలం పాటు చేసిన ఫిర్యాదు ఒక్కటే. "కొర్నేలియస్ గురక పెడతాడు. దానికి నిద్ర పట్టదు."

నువ్వు బొలీవియా వెళ్ళిన తరవాత మన ఊళ్ళో మరణం విషయంలో ఒక విధమైన మర్యాద పాటించబడింది. ఎవరూ ఆజ్ఞ జారీ చేయలేదు. తాతయ్య చూపు ఏ చోటు మీద ఉందో అందరికీ తెలుసు. ముసలివాళ్ళు చెట్లెక్కడం, కోడెల దగ్గరికి పోవడం మానుకున్నారు. అబ్రాం తేవ్స్ మామ, కట్టుబాట్లలో ఒక్క అక్షరం కదిలినా నిద్రపోని మనిషి, జలుబు చేస్తే పట్నం ఆసుపత్రికి వెళ్ళి పడుకున్నాడు. "జలుబుకు ఆసుపత్రేమిటి మామా?" అంటే "ఎందుకైనా మంచిది. మీ తాత నావైపు అదోలా చూస్తున్నాడు" అన్నాడు.

అయితే ఇస్‌బ్రాంట్ తాతకు మర్యాద పాటించే ఓపిక లేదు. గుండె పాడై, కాళ్ళు నీరు పట్టి, కూతురు జస్టీనా అత్త చేతుల మీద బతుకుతున్నాడు. డాక్టరు వచ్చి చూసి, తల ఊపి వెళ్ళాడు. మర్నాటి నుంచి మన తాతయ్య పొద్దున్నే కోడి చారు గిన్నె గుడ్డలో చుట్టుకుని ఆ ఇంటికి బయలుదేరడం మొదలుపెట్టాడు. రొట్టె తలలు ఇంట్లో తినేసి, మొదళ్ళు జేబులో వేసుకుని వెళ్ళేవాడు. అవి చారులో నానబెట్టి పొరుగువాడి నోట్లో పెట్టేవాడు. అమ్మమ్మ వాటా ఆ విధంగా ఇస్‌బ్రాంట్ తాతకు సంక్రమించింది. నేను గ్రామ పెద్ద హోదాలో ఒకటి రెండుసార్లు వెళ్ళి ఈ ఏర్పాటును పరిశీలించాను.

"రేపు పోదామనుకుంటున్నానురా డీడ్రిక్" అంటున్నాడు ఇస్‌బ్రాంట్ తాత.

"ఎక్కడికి?"

"మీ ఆవిడ పక్కకి."

"పోయావంటే చంపేస్తాను. నోరు తెరు."

"చారు ఉప్పగా ఉంది."

"ఉప్పు వెయ్యలేదు."

"మరి నీళ్ళు మీ బావివే అయి ఉంటాయి."

"మింగు."

జస్టీనా అత్త గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంటూ నాతో అంది. "చూడు నాయనా, మా నాన్న ఇన్నాళ్ళూ దేనికీ బతకాలనుకోలేదు. ఇప్పుడు మీ తాతను ఏడిపించడానికి బతుకుతున్నాడు. దేవుడు దేన్నయినా వాడుకుంటాడు."

ఇస్‌బ్రాంట్ తాత ఆ విధంగా వేసవి మధ్యదాకా లాగాడు. ఒంటికి కాస్త కండ కూడా పట్టింది. తాతయ్య సన్నబడ్డాడు. సీసాల్లా మొదలుబ్బిన సీసా చెట్లు పూసి, ఆ పొట్టల మీద గులాబీ రంగు రేకులు రాల్చుకుంటున్న రోజుల్లో వాళ్ళిద్దరూ వరండాలో ఒకే గిన్నెలోనుంచి, ఒకే గొట్టంతో, చల్లని తెరెరే ఆకునీళ్ళు వంతులవారీగా పీలుస్తూ కనిపించేవాళ్ళు. మాటలు వినబడేవి కావు, పెదవులు మాత్రం కదిలేవి, కలలో మాట్లాడుకునేవాళ్ళలాగా. తాతయ్య మొదట ఆ చోటు కోసమే అక్కడికి వెళ్ళేవాడని నేను ధ్రువీకరించగలను. ఎప్పటినుంచి ఇస్‌బ్రాంట్ కోసమే వెళ్ళడం మొదలుపెట్టాడో ధ్రువీకరించలేను. ఆయన కూడా ధ్రువీకరించి ఉండలేడు.

తరవాత వాన. చాకో మీద అలాంటి వాన నేను చూడలేదు. మొదట ఆకాశమూ చేలూ ఒకే రంగయ్యాయి, తరవాత ఒకటే అయ్యాయి. జస్టీనా అత్త సరుకులకని పట్నం వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. తండ్రిని తాతయ్యకు అప్పగించి వెళ్ళింది. ఆ పొద్దున నేను కార్యాలయం అనబడే మన ముందుగదిలో కూర్చుని, కాలువల మరమ్మత్తు గురించి, కాలువలు మునిగిపోయాక, ఒక విన్నపం రాస్తున్నాను. తలుపు తీసుకుని తాతయ్య వచ్చాడు. టోపీ లేదు. ఒంటిమీద పొడి దారం లేదు. అంగీ జేబులో నానిపోయిన రొట్టె ముక్కలు.

"ఇస్‌బ్రాంట్ పోయాడు. రాసుకో."

నాకు కాసేపు వాన తప్ప ఏమీ తెలియలేదు. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. దారిలో ఎవరూ ఎదురవలేదు. ఆ మాట తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరమే. ఒకడికి ఆ చోటు కావాలి. రెండోవాడు దాన్ని ఇవ్వగలడు. తాతయ్య నిలబడిన తీరు, ఎగపోత, కళ్ళలోని జ్వరపు మెరుపు చూస్తే ఆయన కూడా ఎక్కువ రోజులు ఆగడని తెలుస్తూనే ఉంది. అమ్మా, మనవాళ్ళు ప్రమాణం చేయరు. అవునంటే అవును, కాదంటే కాదు. అయితే వినబడలేదు అనే మూడోది ఒకటుంది. దాన్ని గురించి మన పెద్దలు ఏమీ నిర్ణయించలేదు.

"వాన చప్పుడు తాతయ్యా. నువ్వు చెప్పింది నాకు వినబడలేదు" అన్నాను.

తాతయ్య నన్ను చూశాడు. నేనేం ఇస్తున్నానో ఆయనకు అర్థమైంది. బల్ల అంచు పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని, పాలకేంద్రం దాకా వినిపించేట్టు అరిచాడు.

"ఇస్‌బ్రాంట్ ఫుంక్ పోయాడు! ఇందాకే పోయాడు! చారు మధ్యలో పోయాడు! చెవుడు నాకు, నీకు కాదు!"

నీ చిన్న ప్రశ్నకు సమాధానం ఇదమ్మా. ఇస్‌బ్రాంట్ తాత ముందు.

ఆ సాయంత్రానికే తాతయ్యకు జ్వరం ముదిరింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని రేడియోలో డాక్టరు చెప్పాడు, రావడానికి దారి లేదు. మంచం పక్కన నేను కూర్చున్నాను. బయట ఇస్‌బ్రాంట్ తాత కోసం తవ్వుతున్న గొయ్యి తవ్వినంతసేపూ నీళ్ళతో నిండుతోందని మగవాళ్ళు వచ్చి చెప్పి వెళుతున్నారు. తాతయ్య వింటున్నాడు.

"తాతయ్యా, ఇంకా ఎవరినీ దింపలేదు. నువ్వు ఒక్కమాట అంటే..."

"ఎల్స్‌బెత్ పోయినప్పుడు వాడు నన్ను అడిగాడురా" అన్నాడు. "నేను ఇవ్వలేదు."

"అది కట్టుబాటు."

"ఆఁ, ఇదీ అదే."

"అమ్మమ్మకూ నీకూ మధ్యన ఇస్‌బ్రాంట్ తాత పడుకుంటే నీకు బాగుంటుందా?"

ఆయన కళ్ళు మూసుకునే నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి, మళ్ళీ నవ్వుగా మారింది. "ఒరే, నీకు చదువెక్కువైంది. చర్చిలో ఆడవాళ్ళు అటు, మగవాళ్ళు ఇటు. పెళ్ళయినకాడినుంచీ ప్రతి ఆదివారం దానికీ నాకూ మధ్య సగం ఊరు కూర్చుంది. దాని దగ్గు ఏదో నాకు తెలిసేది. నా దగ్గు దానికి తెలిసేది. ఇప్పుడు మధ్యన ఉండేది ఒక్కడే. ఎంత దగ్గరికి వచ్చామో చూడు."

కాసేపటికి, "వాడు నిద్దట్లో ఎక్కువ కదలడు. నేను చూశాను" అని కూడా అన్నాడు. అవి ఆఖరి మాటలని నేను రాయలేను. ఆఖరి మాట నీళ్ళు అడగడం. ఇచ్చాను, మన బావివి. తాగి, ఒక రకంగా మొహం పెట్టాడు. ఇన్నేళ్ళకు ఒప్పుకున్నాడేమో అనిపించింది.

రోడ్లు తెగిపోయి పాలు ఎక్కడికీ వెళ్ళడం లేదు గనక పాలకేంద్రంలో చల్లగది ఖాళీగా ఉంది. ఇస్‌బ్రాంట్ తాతను అక్కడే ఉంచాం. తాతయ్యను కూడా తీసుకెళ్ళి పక్క బల్లమీద పడుకోబెట్టాం. ఆ గది పాలవాసన వేస్తూ, తెల్లగా, సన్నటి పొగమంచుతో ఉంది. వాళ్ళిద్దరూ ఏదో వాదన మధ్యలో కునుకు తీస్తున్నట్టు ఉన్నారు. వాన తెరిపి ఇచ్చేసరికి ఇద్దరినీ ఒకే రోజు దింపవలసి వచ్చింది. దాంతో మన ఊరి చరిత్రలో ఎన్నడూ లేవని చిక్కు లేచింది. వరుస అంటే పోయిన వరుసా, దింపిన వరుసా?

బడిలో సభ పెట్టాం. వింత ఏమిటంటే ఊరంతా తాతయ్య వైపే ఉంది. కట్టుబాటులో అక్షరం కదలనివ్వని అబ్రాం మామ లేచి, గొంతు సవరించుకుని, "పెద్దలు 'పోయిన వరుస' అని ఎక్కడా స్పష్టంగా అనలేదు. ముందు దింపినవాడే ముందువాడు అనుకోవచ్చు. ముందు ఎవరిని దింపాలన్నది గ్రామ పెద్ద ఇష్టం" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో మెడమీది చెమట చూస్తే తెలిసింది. గుమ్మంలోనుంచి ఇంకో గొంతు వచ్చింది. జస్టీనా అత్త. ఎవరి ట్రాక్టరు మీదో బురదలో పడి వచ్చినట్టుంది, మోకాళ్ళదాకా మట్టి.

"డీడ్రిక్ బాబాయినే అక్కడ పెట్టండి. మా నాన్నకేం అభ్యంతరం లేదు."

"సభలో ఆడవాళ్ళు మాట్లాడకూడదమ్మా" అన్నాడు అబ్రాం మామ, అలవాటుకొద్దీ.

"నేను సభలో లేను, గుమ్మంలో ఉన్నాను. పైగా నాన్నను అక్కడ పడుకోబెడితే, అందరినీ లేపే రోజున లేచి, అటు అగనేత పిన్నిని, ఇటు బాబాయిని చూసి, ఇదెక్కడి గొడవరా అని మళ్ళీ పడుకుంటాడు."

సభ నవ్వింది. తరవాత అందరూ నావైపు చూశారు. అమ్మా, ఇంతసేపూ పెయ్యల గురించీ కాలువల గురించీ రాస్తూ దాచింది ఇక్కడ చెప్పాలి. నీ తండ్రిని నీ తల్లి పక్కన పడుకోబెట్టే అధికారం ఆ క్షణాన నా చేతిలో ఉంది. అడ్డు చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. నేను పెట్టలేదు. నువ్వు ఇక్కడ ఉంటే ఏమనేదానివో తెలుసు. అందుకే ఈ ఉత్తరం ఇంత ఆలస్యమైంది, దారివల్ల కాదు.

ఆయన టోపీ లేకుండా ఆ వానలో నడిచి వచ్చి, ఉన్న ఊపిరంతా పెట్టి ఒక మాట అరిచి చెప్పాడు. చెప్పకపోతే ఆయనకు దొరికేది ఆయన ఎక్కువగా కోరుకున్నదే. ఆ మాటను నేను పక్కన పెడితే, ఆ పొద్దున నేను ఆడిన అబద్ధం నిజమవుతుంది. సభలో ఇదంతా చెప్పలేదు. "నాకు వినబడింది. ఇస్‌బ్రాంట్ ముందు" అని మాత్రం అన్నాను. జస్టీనా అత్త గుమ్మంలోనే కూర్చుని, బురద చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఆమె ఎవరి కోసం ఏడ్చిందో అడగలేదు.

వరుస ప్రకారమే గోతులు తవ్వాం. అమ్మమ్మ పక్కన ఇస్‌బ్రాంట్ తాతకు, ఆయన పక్కన తాతయ్యకు. అయితే మన నేల సంగతి నీకు తెలుసు, తడిసిన ఇసుక మనిషి మాట వినదు. ఇద్దరినీ దింపి మట్టి కప్పుతూ ఉండగా మధ్యనున్న గోడలు మెత్తగా, చప్పుడు లేకుండా జారిపోయాయి. అమ్మమ్మ వైపుదీ జారింది. అబ్రాం మామ పార పట్టుకుని "ఆపండి, ఆపండి" అన్నాడు గాని దేన్ని ఆపాలో ఆయనకూ తెలియలేదు. పని పూర్తయ్యేసరికి అక్కడ మూడు దిబ్బలు లేవు. మంచమంత వెడల్పున ఒక్కటే దిబ్బ ఉంది. దాని మీద ఎండ పడితే ఆవిరి లేచింది.

మూడుగా విడదీయమని సంఘం నుంచి కబురు వచ్చింది. తాడూ మేకులూ పట్టుకుని వెళ్ళినవాళ్ళు ఎక్కడ గీత గీయాలో పాలుపోక తిరిగొచ్చారు. ఈ విషయంలో నేను ఏ ఆజ్ఞా ఇవ్వదలచుకోలేదు. దారి ఆరగానే నువ్వు రా. ఆ దిబ్బ అంచున నిలబడి నన్ను తిట్టవలసింది అక్కడే తిట్టు. ఇస్‌బ్రాంట్ తాత కూడా వింటాడు, ఆయనకు సరదా. తరవాత గీత గీయమంటే గీయిస్తాను. ఎక్కడ గీయాలో మాత్రం నువ్వే చూపించాలి.

ఇట్లు,
ఈ ఒక్క ఉత్తరం మేరకు గ్రామ పెద్ద కాని
నీ కొడుకు
బెర్న్‌హార్డ్